పదిహేడో నంబరు మందు

ప్లోవ్‌దివ్, 9 నవంబరు 1986

వెసెలాకు, స్టోయిల్ మామయ్య రాసేది.

నీ ఉత్తరం అందింది. రెండు సార్లు చదివాను. పెళ్లయి నాలుగేళ్లయింది, నీకూ మనోల్‌కూ బిడ్డ కావాలని ఉంది. నువ్వు వేసుకునే మూర్ఛ మాత్రలు కడుపులో బిడ్డకు చెరుపు చేస్తాయని, అవి వాడుతూ కనొద్దని మీ ఊరి డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు మానితే మూర్ఛ, మానకపోతే బిడ్డ లేదు. సంగతి ఇంతే. దీనికి నువ్వు ఆరు పేజీలు రాశావు. అందులో నాలుగున్నర మీ అత్తగారి గురించి.

నేను మందులు తెలిసినవాణ్ణి కాను. పదహారేళ్లుగా ఈ పరిశోధన సంస్థలో జంతువుల గదులు ఊడుస్తున్నవాణ్ణి. రోజూ ఒక్కో బోనుకు ఒక వరస రాసుకుంటాను, ఏది ఎంత తిన్నది, ఎంత తూగింది, ఎలా ఉంది అని. ఎవరూ రాయమనలేదు. రాయని రోజు నాకు తోచదు.

ఒక విషయం మాత్రం నీకు చెప్పాలి. సెప్టెంబరులో విదేశం నుంచి కొత్త ఎలుకలు వచ్చాయి. వాటికి పుట్టుకతో ఉన్నది నీ జబ్బే. పడిపోయి కొట్టుకోవు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతాయి, చూపు నిలిచిపోతుంది, మీసాలు మాత్రం అదురుతాయి. ఎనిమిది, పది సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు మా ఇంట్లో సూపు తాగుతూ చెంచా గాల్లో పట్టుకుని ఆగిపోయిన నువ్వే గుర్తుకొచ్చావు. వాటి తలకు సన్నని తీగలు బిగించారు. పక్క గదిలో యంత్రం ఉంది, దాని కలాలు కాగితం మీద గీతలు గీస్తాయి. ఎలుక బాగున్నంతసేపు గీత చదునుగా పోతుంది, ఆగిపోయినప్పుడు రంపం పళ్లలా లేస్తుంది. పాత కాగితాలు చింపడానికి నాకు ఇస్తారు. చింపేముందు చూసి చూసి చదవడం పట్టుబడింది.

ప్రొఫెసర్ హాజియెవ్ గారు మొదటి రోజే నన్ను పిలిచారు. "ఇవి విమానంలో వచ్చాయి స్టోయిల్. నువ్వెప్పుడైనా ఎక్కావా?" అన్నారు. లేదన్నాను. "అయితే కాస్త మర్యాదగా చూసుకో" అన్నారు. చూసుకుంటున్నాను.

రెండో గదిలో వణుకు జబ్బు ఎలుకలున్నాయి, పార్కిన్సన్ అంటారు. మెదడులో ఒక పక్క పాడుచేస్తారు, సూది వేస్తే గుండ్రంగా తిరుగుతాయి. పది నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టడం నా పని. సంస్థ ముందడుగు వేస్తోందని సోఫియాకు పంపే నివేదికలు ఎక్కువగా ఆ గది నుంచే పోతాయి.

మాత్రలు మానకు. కొత్త మందేదో పరీక్షిస్తారట. తెలిస్తే రాస్తాను.

స్టోయిల్ మామయ్య


కార్లోవో, 23 నవంబరు 1986

మామయ్యా,

మొత్తానికి జబ్బులో నాకు చుట్టాలు దొరికారన్నమాట. అదీ విమానమెక్కిన చుట్టాలు. మా అత్తగారికి చెప్పాను. "మరి వాటికి పిల్లలు పుడుతున్నాయా?" అని అడిగింది. పుడతాయంటే, "చూశావా, ఎలుకకు ఉన్న బుద్ధి" అని లోపలికి పోయింది. ఈసారి ఆవిడ గురించి ఇంతే రాస్తాను, నీకు పేజీలు లెక్కపెట్టే శ్రమ ఎందుకు.

ఫోను చేయొచ్చుగా అన్నావు కిందటిసారి కలిసినప్పుడు. మా ఎక్స్ఛేంజిలో మాట్లాడేవాళ్లు ఇద్దరైతే వినేవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో నేనొకతెను, అందుకే చెబుతున్నాను. ఉద్యోగం బాగానే ఉంది. నేను ఎనిమిది సెకన్లు మాయమైనా ఊళ్లో ఎవరికీ తెలియదు. కార్లోవో నుంచి సోఫియాకు లైను కలపడానికి మామూలుగానే నలభై నిమిషాలు పడుతుంది. అందులో ఎనిమిది సెకన్లు నావి, మిగతావి ప్రభుత్వానివి.

మొన్న అత్తగారు క్యాబేజీ ఊరవేస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

"మా కాలంలో మూర్ఛ ఉన్నవాళ్లు కనలేదా అమ్మాయ్?"

"కన్నారు అత్తయ్యా. ఎంతమంది బతికారో కూడా చెప్పండి."

"ఆ లెక్కలు ఎవరు చూశారు."

"మా మామయ్య ఉంటే చూసేవాడు."

మనోల్ లారీ కింద దూరి, అనాల్సినవన్నీ ఇంజనుతో అంటాడు. వచ్చే నెల నాకు ముప్పై రెండు నిండుతాయి మామయ్యా. ఎగతాళి కాసేపు పక్కన పెట్టి అడుగుతున్నాను. ఆ కొత్త మందు సంగతి ఏ కొంచెం తెలిసినా రాయి. నువ్వు ఎప్పుడూ కొంచెమే రాస్తావు కాబట్టి నీకు కష్టం కాదు.

నీ మేనకోడలు, మీసాలు అదరని రకం,
వెసెలా


ప్లోవ్‌దివ్, 18 జనవరి 1987

వెసెలాకు,

మందు వచ్చింది. పేరు పెట్టలేదు, పదిహేడో నంబరు అంటున్నారు. మొదటి పదహారింటి గురించి ఎవరూ మాట్లాడరు.

ఎలుకల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మందు, ఒక జట్టుకు ఉత్త నీళ్లు. పొద్దున తొమ్మిదిన్నరకు నేను మందు పోస్తాను, పదింటి నుంచి పదకొండింటి దాకా గీతలు తీస్తారు. ఆ గంటా నేను గదిలోనే కూర్చుని ఏదైనా కక్కుతుందేమో చూడాలని ప్రొఫెసర్ గారి ఆజ్ఞ. ఎలుకలు కక్కలేవు. వాటికి ఆ ఏర్పాటు లేదు. ఈ మాట ఆయనకు చెప్పే హోదా నాది కాదు కనుక కూర్చుంటాను. గది వెచ్చగా ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ పేపరు తిరగేస్తాను. నీళ్ల జట్టుకు మధ్యాహ్నం తీస్తారు, అప్పుడు నేను పెరట్లో బోన్లు కడుగుతుంటాను.

ఇక నువ్వడిగినది. మందుకు ముందు ఒక్కో ఎలుక గంటకు పద్దెనిమిది, ఇరవై సార్లు ఆగిపోయేది. ఇప్పుడు మందు జట్టులో రెండు, మూడు. కొన్నింటికి అసలు లేదు. నీళ్ల జట్టుకు మాత్రం ఎప్పటిలాగే ఇరవై. నడుమ రెండు మూడు రోజులు తప్పితే ముప్పై నాలుగు రోజులుగా ఇదే వరస. నా పుస్తకంలోనూ ఇదే, గీతలు చదివే డాక్టర్ లిలోవా పుస్తకంలోనూ ఇదే.

మే నెలలో సోఫియాలో ఒక క్లినిక్‌లో పన్నెండు మంది మనుషులకు ఇచ్చి చూస్తారట. నేను ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాను. పదహారేళ్లలో ఊడ్చడానికి కాక వేరే పని మీద వెళ్లడం అదే మొదలు.

"నీ మేనకోడలా? ఏం చేస్తుంది?"

"టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అయ్యా."

"శ్రామిక మహిళ. బాగుంటుంది. ఫొటోలో బాగా పడుతుందా?"

"తీసేవాణ్ణి బట్టి అయ్యా."

నీ పేరు రాసుకున్నారు. కొత్త మందు మొదలుపెట్టడానికి ఐదు వారాల ముందు పాత మాత్రలు పూర్తిగా ఆగిపోవాలట. ఎప్పుడు, ఎలా ఆపాలో క్లినిక్ వాళ్లు చెబుతారు. అంతవరకు నీ అంతట నువ్వు ఏమీ చేయకు.

స్టోయిల్


కార్లోవో, 2 ఫిబ్రవరి 1987

బంగారు మామయ్యా,

నీ ఉత్తరం మనోల్‌కు చదివి వినిపించాను. లారీ కింది నుంచి బయటికి వచ్చాడు. చేతులు కడుక్కోకుండానే నన్ను పట్టుకున్నాడు, నా తెల్ల స్వెట్టరు మీద రెండు నల్ల చేతులు పడ్డాయి. ఉతకలేదు, అలాగే ఉంచాను.

క్లినిక్ వాళ్లు చెబుతారన్నావు. ప్రభుత్వ కార్యాలయాల కబుర్లన్నీ నా చెవి మీదుగా పోతాయి మామయ్యా. మే అంటే వాళ్లు నోరు విప్పేసరికి ఆగస్టు. అందుకని నేనే మొదలుపెట్టాను. నిన్నటి నుంచి సగం మాత్ర. మార్చి ఒకటి నుంచి అదీ లేదు. డాక్టరమ్మకు చెప్పలేదు, చెబితే ఆవిడ వద్దంటుంది. ఆవిడకు అదొక అలవాటు. నీ ఎలుకలు ఎవర్ని అడిగి మానాయి?

ఇప్పటికి ఏమీ కాలేదు. చెంచా గాల్లో ఆగలేదు. ఆగినా నాకెలా తెలుస్తుంది అంటావేమో. మనోల్ చూస్తున్నాడు, నేను సూపు తాగుతుంటే తన సూపు చల్లారిపోతోంది.

అత్తగారు అప్పుడే బుల్లి మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది. ఒకటి బిడ్డకు, రెండోది మనోల్‌కు సరిపోయేలా వచ్చింది. కుట్లు జారుతున్నాయి, కళ్లు ఆనడం లేదంటుంది. నేను సాయం చేస్తానంటే సూదులు గుండెకు హత్తుకుని, "నా చేతులకేం రోగం?" అంది. నేను కళ్ల గురించే అడిగాను.

నా మొదటి బిడ్డకు నీ పేరు పెడదామనుకుంటున్నాను. ఆడపిల్ల అయితే ఏం చేయాలో నువ్వే ఆలోచించు.

నీ శ్రామిక మహిళ
వెసెలా


ప్లోవ్‌దివ్, 9 మార్చి 1987

వెసెలాకు,

నిన్ననే హిసార్యా నుంచి వచ్చాను. కిడ్నీల్లో రాళ్లున్నాయని యూనియన్ వాళ్లు అక్కడి ఊట నీళ్లు తాగమని పంపారు. మూడు వారాలు తాగాను. రాళ్లు క్షేమం. నీ ఫిబ్రవరి ఉత్తరం ఇక్కడ కాపలాదారు సొరుగులో ఉండిపోయింది. ఇవాళే చదివాను.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టు. ఇది అందిన వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, నువ్వు చేసినదంతా చెప్పు. ఎన్ని వేసుకోవాలో ఆవిడనే చెప్పనీ.

కారణం ఉంది. ఇంకా రూఢి చేసుకోవాలి, చేసుకున్నాక రాస్తాను. టెలిగ్రాం ఇద్దామనుకున్నాను, కాని అది మీ కౌంటరు మీదుగానే వస్తుంది, నీకంటే ముందు ఊరు చదువుతుంది.

స్టోయిల్


కార్లోవో, 14 మార్చి 1987

గౌరవనీయులైన స్టోయిల్ గారికి,

మీ ఆదేశం అందింది. కారణం తర్వాత పంపుతారట. మా ఆఫీసులో కూడా అంతే, ముందు శిక్ష, తర్వాత విచారణ.

అంత శ్రమ మీకు అక్కర్లేదు. కారణం నాకు దొరికింది. మొన్న పిండి డబ్బాలో చెయ్యి పెడితే అడుగున ఒక కవరు తగిలింది. పైన మీ చేతిరాత. చిరునామా మా అత్తగారిది. ఆవిడ నా చేతిలోంచి లాక్కుని, "పెద్దవాళ్ల మధ్య వంద ఉంటాయి అమ్మాయ్" అంది. గ్రోజ్దా గారికీ నీకూ మధ్య వంద ఉన్నాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు మామయ్యా. ఆవిడ ఏమని రాసింది? జబ్బుమనిషి కడుపున పుట్టిన మనవడు వద్దనా? మనోల్‌కు ఇంకో సంబంధం చూసిందా? మాత్రలు మానొద్దని నాకు చెప్పించడానికి నువ్వే దొరికావా?

అది కాకపోతే ఇంకోటి. పన్నెండు మందిలో నా చోటు ఎవరికిచ్చారు? ఎవరి మేనకోడలు? ఆ అమ్మాయి ఫొటోలో బాగా పడుతుందా?

ఈ నెల మొదటి తారీకు నుంచి ఒక్క మాత్ర వేసుకోలేదు. పద్నాలుగు రోజులు. బాగున్నాను. ఇక మీదటా వేసుకోను. మా అమ్మ బతికుంటే తమ్ముడి సంగతి చూసి ఏమనేదో, అది కూడా మీరు రూఢి చేసుకుని రాయండి.

వెసెలా


ప్లోవ్‌దివ్, 19 మార్చి 1987

వెసెలా,

టెలిగ్రాం ఇవ్వాల్సింది. ఊరు చదివితే చదివేది.

అంతా రాస్తున్నాను, కూర్చుని చదువు. నేను హిసార్యాలో ఉన్నప్పుడు నా బదులు ఒకావిడ వచ్చింది. మందు పోసేది, ఆ గంటా కుర్చీలో కునుకు తీసేది. మంచి మనిషి, ఎవరికీ అడ్డం రాదు. ఆవిడ ఉన్న మూడు వారాలూ మందు జట్టు ఎలుకలకు జబ్బు తిరిగొచ్చింది. గంటకు పద్దెనిమిది, ఇరవై. మేత పాడైందని ప్రొఫెసర్ గారు మేత మార్పించారు. నేను వచ్చాను. రెండో రోజుకు అన్నీ బాగయ్యాయి. మేత మార్చడం వల్లనే అని ఆయన రాసుకున్నారు.

నేను నా పుస్తకం తీసి లిలోవా గారి లెక్కలతో పోల్చాను. డిసెంబరులో నాకు రెండు రోజులు జ్వరం వచ్చింది. ఆ రెండు రోజులూ ఇరవై. జనవరిలో ఒక పొద్దున మేత బస్తాలు దింపడానికి పిలిచారు. ఆ రోజూ ఇరవై. మందు రోజూ పడుతోంది. లేనిది నేను.

నేనేం చేస్తున్నానని ఆలోచించాను. కూర్చుంటాను, గింజలు కొరుకుతాను. ఒక్కో గింజ టక్కుమన్నప్పుడల్లా పన్నెండు ఎలుకలూ తలెత్తి చూస్తాయి. ఎందుకంటే గంట చివర తలా ఒక గింజ వేస్తాను. వేయకూడదు, అది రూలుకు విరుద్ధం. వేస్తాను. ఈ జబ్బు ఎలుక నెమ్మదిగా, పనీపాటా లేకుండా ఉన్నప్పుడే వస్తుంది. దేనికోసమో చెవులు నిక్కించి చూస్తుంటే రాదు. నువ్వూ తిట్టేటప్పుడు ఎన్నడూ ఆగిపోలేదు, గమనించాను.

ఈ నెల పదకొండున ఒక్క గింజ కూడా కొరకకుండా, పేజీ తిప్పకుండా కూర్చున్నాను. పన్నెండున పది నిమిషాలకు ఒక్క గింజ మాత్రం కొరికి, గడియారం చూసి టైము రాసుకున్నాను. సాయంత్రం గీతల కాగితాలు పరిచి చూశాను. పదకొండున కాగితం నిండా రంపం పళ్లు. పన్నెండున రంపం పళ్లు, రంపం పళ్లు, గింజ, చదును. కాసేపటికి మళ్లీ పళ్లు. మళ్లీ గింజ, మళ్లీ చదును. పదిహేడో నంబరు మందు ఏ పనీ చేయడం లేదు వెసెలా. పని చేసినదంతా గింజలు.

ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఆయన వచ్చే నెల మహాసభలో చదవాల్సిన వ్యాసం టైపు అయిపోయింది.

"నువ్వు ఏం చదివావు స్టోయిల్?"

"ఏడో తరగతి అయ్యా."

"నేను ముప్పై ఏళ్లు చదివాను. ముప్పై ఏళ్ల చదువు గింజ పొట్టు కింద లెక్కంటావా?"

"నేననడం లేదయ్యా. ఎలుకలు అంటున్నాయి."

అలా అడుగుతూ ఆయన కోటు జేబులోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకున్నారు. ఈ భవనంలో గింజలు కొరకనివి గోడలొక్కటే. అందుకే అదొక పనిలా ఎవరి కంటికీ ఆనలేదు, నా కంటికీ ఆనలేదు.

తర్వాత ఒక కాగితం నా ముందు పెట్టారు. గీతలు తీసే సమయంలో గదిలో మనుషులెవరూ లేరు అని ఉంది, కింద నా పేరు. సంతకం పెడితే వచ్చే ఏడు పతకంతో రిటైరవుతాను. పెట్టకపోతే రూలు తప్పి మేత వేసినందుకు బయటికి. ఏప్రిల్ ఆరు గడువు. ఇంకా పెట్టలేదు.

నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. మీ అత్తగారి ఉత్తరం సంగతి నేను చెప్పను, మాటిచ్చాను. అందులో నీ పేరు లేదు. అంతవరకే చెప్పగలను. ఆవిడనే అడుగు.

ఇది చదవడం ఆపి మాత్ర వేసుకో.

మామయ్య


కార్లోవో, 2 ఏప్రిల్ 1987

మామయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఆసుపత్రిలో ఉన్నాను. నువ్వు రాయడానికి రెండు రోజుల ముందే అయిపోయింది. పదిహేడో తారీకు, పదిహేడో నంబరు. నీ పుస్తకంలో రాసుకో.

ఈసారి ఎనిమిది సెకన్లు కాదు, చిన్నది కాదు. నాకేమీ గుర్తు లేదు, పక్క సీటు ఆవిడ చెప్పింది. చేతిలో ఉన్న తీగలతో సహా కుర్చీ మీంచి పడ్డాను. ఊళ్లో సగం ఫోన్లు తెగిపోయాయి. పార్టీ కార్యదర్శి గారు మాట్లాడుతుండగా తెగిందట. ఆయన ముందు శత్రువుల పని అనుకున్నారు, జబ్బని తెలిసి చాలా నిరుత్సాహపడ్డారు. భుజం దగ్గర ఎముక విరిగింది. నాలుక మీద మూడు కుట్లు. వారం రోజులు మాట్లాడలేదు. మా ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదని మనోల్ అన్నాడు, అని బయటికి వెళ్లి ఏడ్చాడు.

అత్తగారు రోజూ సూపు తెచ్చేది. మూడో రోజు గమనించాను, గిన్నెలో సగమే ఉంటోంది, మిగతా సగం ఆవిడ కోటు మీద ఉంటోంది. కుడి చేయి చూశాను. వణుకుతోంది మామయ్యా, కోటు జేబులో పెట్టుకున్నా జేబు వణుకుతోంది. ఏడాదిగా ఉందట. అల్లిక సూదులు పట్టుకుంటే ఎవరికీ కనబడదని పట్టుకునేదట. నాకు మాట వచ్చిన రోజు పిండి డబ్బాలోని నీ ఉత్తరం తెచ్చి నా మంచం మీద పడేసింది.

"చదువు. ఇన్నాళ్లూ దీనికోసం చచ్చావుగా."

చదివాను. "గ్రోజ్దా గారికి. గుండ్రంగా తిరిగే ఎలుకల గురించి నాకు తెలిసినది మీకు పనికిరాదు. డాక్టరు దగ్గరికి వెళ్లండి, నేను ఎవరికీ చెప్పను." అంతే. దీనికోసమా నేను నిన్ను గౌరవనీయులు అన్నది.

"ఎందుకు దాచారు అత్తయ్యా?"

"ఇంట్లో రోగిష్ఠి ఒకత్తి చాలదా? నిన్ను అన్నన్ని మాటలు అని, నేనూ జబ్బు మనిషినంటే ఏ మొహంతో చెప్పను?"

ఇప్పుడు ఇద్దరం గురువారాలు కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాం. ఇంట్లో అత్తగారు ఒలికిపోయే గిన్నె నా చేతికి ఇస్తుంది, నేను ఆవిడకు మెట్లెక్కేటప్పుడు చెయ్యిస్తాను. దారిలో పోట్లాడుకుంటాం.

మాత్రలు మళ్లీ వేసుకుంటున్నాను. డాక్టరమ్మ తిట్టింది, న్యాయంగానే తిట్టింది. వేరే మాత్ర ఒకటి ఉందట, కొత్తదేం కాదు, నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే. కొంచెం కొంచెంగా మార్చాలి, ఏడాది పైన పడుతుంది. కుదిరితే కుదురుతుంది, లేకపోతే లేదు అంది. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషితో మాట్లాడటం ఎంత విసుగో నీకు తెలియదు, నువ్వూ అదే జాతి. ఉద్యోగం ఉంది. తీగల దగ్గరి నుంచి తీసి స్టాంపుల కౌంటరులో కూర్చోబెట్టారు.

ఇక నీ సంగతి. సంతకం పెట్టేయి మామయ్యా. నేను ఆ జాబితాలోంచి పేరు తీయించుకున్నాను. నువ్వు చెప్పావు, నేను నమ్మాను, ఆలస్యంగానైనా. ఇంకా ఎవరితో నీకు పోట్లాట? ఉన్న ఏడాదీ గడుపుకుని పతకం తెచ్చుకో. అత్తగారు దాన్ని గోడకు తగిలిస్తానంటోంది. మేకు మాత్రం నేను కొడతాను.

నీ వెసెలా


ప్లోవ్‌దివ్, 19 ఏప్రిల్ 1987

వెసెలాకు,

ఎముక సంగతి రాయి. ఆ చేత్తో బరువులు ఎత్తకు.

సంతకం పెట్టలేదు. కారణం ఈసారి ముందే రాస్తున్నాను. జాబితా లిలోవా గారి బల్ల మీద చూశాను. నీ పేరు కొట్టేశారు. కింద పదకొండు పేర్లున్నాయి. ఒక దర్జీ, బుర్గాస్ ఓడరేవులో ఒక కూలీ, పదిహేడేళ్ల అమ్మాయి ఒకతె, తక్కినవాళ్లు. పదకొండు మందిలో ఎవరి మామయ్యా ఎలుకల గదిలో లేడు. నీలాగే వాళ్లూ మాత్రలు మానాలి.

గడువుకు మూడు రోజుల ముందు లిలోవా గారి దగ్గరికి వెళ్లాను.

"డాక్టరు గారూ, రేపొక్క రోజు జట్లు అటూ ఇటూ చేయండి. నీళ్ల జట్టును పొద్దున పెట్టండి, మందు జట్టును మధ్యాహ్నం."

"ఎందుకు?"

"పొద్దున నేనుంటాను కనుక."

ఆవిడ సరేనంది. నీళ్ల జట్టుకు నా గింజలు అలవాటు లేదు, అందుకని మొదటి గింజకే తలా ఒకటి వేశాను. తర్వాత అవే చూడటం మొదలుపెట్టాయి. నీళ్లు తాగిన ఎలుకలకు జబ్బు నయమైంది. హిసార్యాలో మూడు వారాలు తాగినా నాకు నయం చేయని నీళ్లు. మధ్యాహ్నం మందు తాగినవాటికి ఇరవైకి ఇరవై. లిలోవా గారు కాగితం చివరిదాకా చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మూడు నెలలు నేను కొలిచింది నీ పళ్ల చప్పుడా స్టోయిల్?" అంది. "పళ్లు ఇప్పుడు తక్కువే ఉన్నాయండి" అన్నాను.

మూడు రోజులు అలాగే మార్చి మార్చి తీసి, ఆవిడ తన పేరు పెట్టి క్లినిక్‌కు రాసింది. నా పేరూ పెట్టమన్నాను. గింజలు వేసింది నేను, ఆవిడకెందుకు ఆ మాట.

ప్రొఫెసర్ గారు మందు మంచిదేనని, ఈ ఎలుకలే సహకరించడం లేదని అంటున్నారు. వ్యాసం చదవలేదు, గొంతు బాగాలేదని మహాసభకు కబురు పంపారు. నన్ను తీసేస్తే ఎందుకు తీశారో కాగితం మీద రాయాలి, అది ఆయనకు ఇష్టం లేదు. కాబట్టి రెండో గదికి మార్చారు. ఇప్పుడు రోజంతా చుట్లు లెక్కపెడుతున్నాను. పతకం లేదు. అత్తగారికి చెప్పు, మేకు శ్రమ తప్పింది.

నీకు ఆ మొదటి ఉత్తరాలు నేనే రాశాను. ముప్పై నాలుగు రోజులని లెక్క చెప్పి నీలో ఆశ పుట్టించింది నేను. ఈ మాట ఇంకో రకంగా ఎలా రాయాలో తెలియలేదు, ఇలాగే రాశాను.

మామయ్య


కార్లోవో, 17 మే 1987

మామయ్యా,

ఎముక అతుక్కుంది. కొంచెం వంకరగా, మనోల్ బండి బంపరు లాగా.

ఆశ నువ్వు పుట్టించలేదు, అది నా దగ్గర ముందే ఉంది. నువ్వు లెక్క రాశావు, నేను నాకు కావాల్సినంత చదువుకున్నాను. ఏమీ చేయకు అన్న వాక్యం కూడా అదే ఉత్తరంలో ఉంది. నిన్న మళ్లీ తీసి చూశాను. చాలా స్పష్టమైన చేతిరాత.

డాక్టరమ్మ చెప్పిన వేరే మాత్ర పావు మొదలైంది, పాతది పావు తగ్గింది. మొన్న స్టాంపు అంటిస్తూ ఒకసారి ఆగిపోయానట. వరసలో నిలబడ్డ ముసలాయన గవర్నమెంటు పని కదా అని ఓపిగ్గా చూశాడట. అత్తగారికి కూడా మాత్రలు ఇచ్చారు. చెయ్యి కాస్త నెమ్మదించింది, నోరు మాత్రం అలాగే ఉంది. బిడ్డ సంగతి అడగడం మానేసింది. అడగకుండా వచ్చి నా పక్కన కూర్చుంటుంది, అది ఇంకా కష్టంగా ఉంది.

నా పేరు కొట్టేసినా క్లినిక్ వాళ్లు నాకూ ఉత్తరం పంపారు. మన ఆఫీసులు నాకు తెలుసని చెప్పానుగా. సాంకేతిక కారణాల వల్ల కొత్త మందు కార్యక్రమం నిరవధికంగా వాయిదా పడింది, పాత చికిత్స కొనసాగించండి అని ఉంది. కారణం రాయలేదు. అంటే ఇదే ఉత్తరం ఆ దర్జీకీ, బుర్గాస్ కూలీకీ, ఆ పదిహేడేళ్ల అమ్మాయికీ, పదకొండు ఇళ్లకూ చేరి ఉంటుంది. పదకొండు ఇళ్లలోనూ ఈపాటికి ఎవరినో తిడుతూ ఉంటారు, ఎవరినో వాళ్లకు తెలియదు.

నాకు తెలుసు కాబట్టి నేను పేరు పెట్టి తిట్టాను. కౌంటరు మూసేసి, తలుపు వేసుకుని, కాసేపు గట్టిగా, నీ వాటా నీకు తక్కువ కాకుండా. అలిసిపోయాక నీళ్లు తెచ్చుకుని మాత్ర వేసుకున్నాను.

వెసెలా